పెద్దరికం చీర

కరక్కాయ కషాయంలో, తుప్పు నీళ్ళలో నానబెట్టి ఆరేసిన ముతక బట్టకు ఒక వాసన ఉంటుంది. తడి ఇనుము వాసన. పీల్చగానే గొంతులో వగరు తగులుతుంది. మొన్న నా మనవరాలిని తొట్టెలలో వేసిన రోజు, దోమకొండ నుంచి వచ్చిన మా వియ్యంపురాలు మూట విప్పగానే ఆ వాసన ఇల్లంతా పట్టింది. మూడు రోజులైంది. తలుపులు బార్లా తీసి పెట్టినా పోవడం లేదు. నా కోపమూ పోవడం లేదు. జర్మనీ వాడితో లడాయి మొదలైనప్పటి నుంచి కామారెడ్డి బజారులో జానెడు బట్ట దొరకడం గగనమైపోయింది. పసిదానికి నాలుగు గుడ్డలు కావాలని మా ఆయన దుకాణాలన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. నన్ను ముసలిదాన్ని చేయడానికి మాత్రం ఎనిమిది గజాల బట్ట ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది.

నాకు ముప్పై ఒకటి. నా బిడ్డ రుక్కవ్వకు పదిహేను. మా వైపు సేద్యం చేసుకునే కొన్ని ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. బిడ్డకు తొలి కాన్పు అయి, ఆ పసిగుడ్డును తొట్టెలలో వేసిన రోజున, బిడ్డ అత్తగారి తరఫు వాళ్ళు బిడ్డ తల్లికి అంచులేని మట్టిరంగు చీర పెడతారు. దాని పేరు పెద్దరికం చీర. అది కట్టుకున్నాక తన రంగు చీరలన్నీ పెట్టెలోంచి తీసి పంచెయ్యాలి. తలలో పువ్వు పెట్టకూడదు. మంచం మీద కూర్చోకూడదు. నలుగురిలో పళ్ళు కనపడేలా నవ్వకూడదు. మొగుడి మంచం వాకిట్లోకి పోతుంది, ఆమె చాప వంటింట్లోకి పోతుంది. పదేళ్ళకు పెళ్ళి చేసి, పదిహేనేళ్ళకు తల్లిని చేసి, ముప్పై నిండీ నిండకముందే ఇక చాలు, ఆ మూలకు పోయి కూర్చో అనడానికి వీళ్ళు పెట్టుకున్న పేరు పెద్దరికం. పైగా ఇది గౌరవమట!

మొన్న నేను చేసిన పని గురించి దోమకొండలో కథలు కథలుగా చెప్పుకుంటున్నారని విన్నాను. చెప్పుకోనీ. కాని ఆ తెగువ నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎల్లారెడ్డిలో మా పక్కింట్లో సాయవ్వ అని ఒకామె ఉండేది. ఆమెను ఎరగని వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మా నాయన కామారెడ్డిలో వీధిబడి నడిపేవాడు కాబట్టి నాలుగు అక్షరాలు నా చేతికి అంటుకున్నాయి. అవి ఈ మాత్రం పనికైనా రాకపోతే ఎందుకు?

పద్నాలుగో ఏట ఎల్లారెడ్డికి కాపురానికి వెళ్ళాను. పక్కింటికి ఎప్పుడూ తాళమే. ఆ ఇంటివాళ్ళు నిజాంసాగర్ కట్ట పనికి పోయారని చెప్పేవారు. కట్ట పని అయిపోయిన ఏడాది ఒక పొద్దున తాళం తీసిన చప్పుడైంది. గోడ మీదుగా చూస్తే సాయవ్వ. పొడుగాటి మనిషి. రాళ్ళ గంపలు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయి, అక్కడ చర్మం గట్టిపడి ఉంది. ఆ చోట మీదికి జుట్టు లాగి ముడివేసి, ముడిలో బంతిపువ్వు పెట్టుకునేది. పని చోట నూరు మందికి వినపడేలా అరిచిన గొంతు కావడంతో, ఇంట్లో భర్త రాజయ్యతో మాట్లాడినా వాడంతా వినేది. రాజయ్య నెమ్మదస్తుడు. కట్ట కూలీతో ఊరి బయట కొంచెం భూమి, ఒక మోటబావి సంపాదించుకున్నారు. ఒక్కతే కూతురు గంగవ్వ. గాంధారిలో ఇచ్చారు.

వాళ్ళు వచ్చిన మరుసటి ఏడే గంగవ్వకు కొడుకు పుట్టాడు. తొట్టెల నాడు గాంధారి వాళ్ళు పెద్దరికం చీర తెచ్చారు. ఆ చీర ఉన్న పళ్ళేన్ని వాడలో తల్లులైన కోడళ్ళలో అందరికన్నా చిన్నది పట్టుకోవాలని ఆనవాయితీ. ఆ వాడలో అలాంటిదాన్ని నేనే. నాకు ఇరవై, రుక్కవ్వకు నాలుగు. బిడ్డను మా అత్తకు అప్పజెప్పి, కొత్త చీర కట్టుకొని, పళ్ళెం పట్టుకొని మహా గర్వంగా వెళ్ళి సాయవ్వ ముందు నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పళ్ళెంతో నా మొహాన నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

సాయవ్వ చీర తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. "బట్ట గట్టిదే. ఎవరికి తెచ్చిన్రు?" అంది.

"నీకే సాయవ్వా. పెద్దరికం," అంది గంగవ్వ అత్త.

"నాకు ముప్పై నాలుగేండ్లే గదా. ముసల్దాన్నయినంక తేండ్రి, కట్టుకుంట."

అందరూ పరాచికమనుకొని నవ్వారు. సాయవ్వ నవ్వలేదు. చీరను మడతపెట్టి గూట్లో పెట్టి, వచ్చినవాళ్ళకు అన్నం వడ్డించడానికి వెళ్ళింది. మర్నాడు పొద్దున ఎర్రంచు చీరతో, ముడిలో పువ్వుతో వాకిలి ఊడుస్తుంటే చూసి వాడ వాడంతా నోరు నొక్కుకుంది. నేనూ నొక్కుకున్నాను. "సిగ్గు లేదు ఆమెకు" అని మా అత్తతో అన్నది నేనే. ఇరవై ఏళ్ళ దానికి ముప్పై నాలుగు అంటే కాటికి కాళ్ళు చాపిన వయసే అనిపిస్తుంది. అలా అనిపించేటట్టు మమ్మల్ని పెంచారు.

ఒక మధ్యాహ్నం సాయవ్వ గోడ మీది నుంచి పిలిచింది. "బాలవ్వా, గడ్డికి పోతున్న అని మీ అత్తకు జెప్పి రా. పనున్నది." వెళ్ళాను. మోట విడిచారు. రాజయ్య ఎద్దులకు మేత వేస్తున్నాడు. సాయవ్వ చీర కాసెపోసి కట్టుకొని, ఎండిన సొరకాయ బుర్రలు రెండు వీపుకు తాడుతో బిగించుకొని, బావి మెట్ల మీద నిలబడి వణుకుతోంది. ఈత నేర్చుకుంటుందట! గట్టు మీద ఎవరైనా వస్తే చెప్పడానికి నన్ను పిలిచింది. రాజయ్య పై నుంచి "కాళ్ళు ఆడియ్యి, కాళ్ళు ఆడియ్యి" అంటున్నాడు. ఆమె దూకింది. మునిగింది. తేలి, గుటకలు మింగి, ఆ నీళ్ళను పట్టుకొని ఏడు తరాలు తిట్టింది. నేను కడుపు పట్టుకొని నవ్వాను.

మెట్టు పట్టుకొని రొప్పుతూ నా వైపు చూసింది. "నవ్వుతవేందే? ఎనిమిదేండ్లు రాళ్ళు మోసిన. గంత నీళ్ళు ఆగెతందుకు కట్ట గట్టిన. గా నీళ్ళల్ల మోకాలు లోతు దిగాల్నంటే నాకు బయం. గిదేం బతుకు?"

నా నవ్వు ఆగిపోయింది. ఆమె మళ్ళీ దూకింది.

జొన్న కోతల నాటికి బుర్రలు విప్పేసింది. ఈ దరి నుంచి ఆ దరికి, మళ్ళీ ఇటు, చప్పుడు లేకుండా ఈదేది. ఈదడం అయ్యాక మెట్ల మీద ఎండలో కూర్చొని జుట్టు పిండుకుంటూ మాట్లాడేది. ఆ మాటల కోసమే నేను గడ్డి వంక పెట్టుకొని వెళ్ళేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, "అక్కా, గీ వయసుల గివన్ని ఎందుకే నీకు?" అని.

"గీ వయసులనే," అంది. "నువ్వొచ్చిన వయసులనే నేనొచ్చిన అత్తగారింటికి. గప్పటికెల్లి ఒక్కనాడన్న నా చేతులు నాయి గాలేవు. అత్త పిలిస్తే అటు, పిల్ల ఏడిస్తే ఇటు, మేస్త్రి ఒర్లితే గంప కిందికి. గిప్పుడు జూడు. పిల్ల దానింటికి అది వోయింది. అత్త పోయింది. కండ్లు మంచిగ కనవడ్తున్నయి. మోకాళ్ళు ఇంక నొస్తలేవు. నడుమ గీ కొన్నేండ్లే నాకు దొరికినయి. సరిగ్గ గివ్విటి మీదనే అంచులేని బట్ట తెచ్చి కప్పుతమంటున్రు. కోపం రాదా?"

"ఇరవయేండ్లప్పుడు నీకు కోపం రాలేదా?"

"గప్పుడు ఏడ్పొచ్చేది. గిప్పుడు తిట్టొస్తది. గిదే మంచిగున్నది," అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వుకు గట్టు మీద ఎద్దులు కూడా తలెత్తి చూశాయి. వయసు పెరగడం అంటే ఒక్కొక్కటే పోగొట్టుకోవడం అని అప్పటిదాకా విన్నాను. దానితో ఏదో వస్తుందని, వచ్చిందాన్ని పట్టుకోవాలని మొదటిసారి చెప్పింది సాయవ్వే. ఆ రోజు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి పదకొండేళ్ళు పట్టింది.

గాంధారి వాళ్ళు ఊరుకోలేదు. చీర కట్టేదాకా సాయవ్వ తమ గడప తొక్కవద్దని, గంగవ్వను ఎల్లారెడ్డి పంపేది లేదని కబురు పెట్టారు. సాయవ్వ నాలుగు నెలలు పళ్ళ బిగువున ఓర్చుకుంది. అంతలో మనవడికి జ్వరమని ఎవరో చెప్పారు. ఆ పొద్దు గూట్లోంచి పెద్దరికం చీర తీసి కట్టుకొని నన్ను తోడు రమ్మంది. గాంధారి దాకా వెళ్ళాం. పిల్లవాడికి నయమయ్యే ఉంది. సాయంత్రం తిరిగి వస్తూ గాంధారి పొలిమేర వాగు దాటగానే పొదల చాటుకు వెళ్ళి, మూటలో తెచ్చుకున్న ఎర్రంచు చీర కట్టుకొని వచ్చింది. మట్టిరంగు చీరను మూటగట్టి చంకన పెట్టుకుంది.

"మనుమణ్ణి సూసెతందుకు గీ బట్ట కట్టిన. ముసల్దాన్నయితనని గాదు. ఎవ్వరికి జెప్పకు," అంది. తరవాత ప్రతి నెలా అలాగే వెళ్ళివచ్చేది. వాగుకు అటు ఒక చీర, ఇటు ఒక చీర.

చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. మా ఇంట్లో వాడ ఆడవాళ్ళంతా చేరి మిరపకాయలు దంచుతున్నారు. "సూసినవా, సాయవ్వ పొగరు అణిగింది. మట్టి చీర కట్టుకొని గాంధారికి వోతున్నదట," అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నాకు మండిపోయింది. ఏడాది కిందట నేనూ అదే నవ్వు నవ్విన దాన్నే. కాని ఇప్పుడు సాయవ్వను ఎవరైనా తక్కువ చేస్తే నన్ను అన్నట్టే ఉండేది. "ఆమె పొగరు అణగలే. వాగు దాటంగనే తీసి మూట గడ్తది," అన్నాను రోకలి దించి, అదేదో నా ఘనకార్యమైనట్టు. అన్నాక గాని తెలియలేదు ఏమన్నానో. మా అత్త నా వైపు చూసి చేట తీసుకుంది. వారం తిరగకుండా ఆ మాట గాంధారికి చేరింది.

ఆ నెల సాయవ్వ వెళ్తే గంగవ్వ అత్త వాకిట్లోనే నిలబెట్టి, చంకలో మూట లాక్కొని, ఎర్రంచు చీర బయటికి తీసి పది మంది ముందు దులిపిందట. తలుపు వేసుకున్నారట. లోపలి నుంచి గంగవ్వ ఏడుపు వినిపించిందట. ఆమె తిరిగొచ్చాక రాజయ్య ఇదంతా మా ఆయనతో చెప్పాడు. నేను పరిగెత్తి వెళ్ళి సాయవ్వ కాళ్ళ మీద పడ్డాను.

ఆమె నన్ను లేపలేదు. అలాగే అంది, "కోపమొస్తున్నది బాలవ్వా. నీ మీద గూడ వస్తున్నది. రాదని అబద్దమెందుకాడాలె? కని నువ్వు చిన్నదానివి, నోరు జారింది. నాకు ముప్పై అయిదు. దొంగోలె పొదల చాటుకు వోయి చీర మార్చుకునుడేందని నాకన్న తెల్వాలె గదా. తప్పు నాది. ఇగ మార్చ. లే, మొకం కడుక్కో."

ఆ తరువాత ఆమె చేసింది గాంధారిలో ఇప్పటికీ మరిచిపోయి ఉండరు. నెలకు ఒకసారి ఎర్రంచు చీరతోనే పట్టపగలు వెళ్ళేది. గంగవ్వ ఇంటికి ఎదురుగా వీధిలో నిలబడి, కట్ట మీద నూరు మందికి వినిపించిన గొంతుతో "గంగవ్వా, మీ అవ్వొచ్చింది" అని పిలిచేది. తలుపు తెరిచేవారు కాదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడి, తిరిగి నడిచి వచ్చి, బావిలో దిగి ఈదేది. మొదట్లో పిల్లలు మట్టిపెడ్డలు విసిరారు. కొన్ని నెలలకు మానేశారు. ఎదురింటామె ఒకరోజు చెంబుతో నీళ్ళిచ్చింది. ఇంకో నెల నీడకు పిలిచింది. ఇంటికి వచ్చాక సాయవ్వ ఒక్కో రాత్రి ఏడ్చేదని గోడ ఇవతల ఉన్న నాకు తెలుసు. ఏడుపు రాదన్న మనిషి. రెండున్నరేళ్ళు ఆమెకు బిడ్డ మొహం లేకుండా చేసింది ఆ ఇల్లు, ఆ ఇంటికి నా నోరు సాయం.

రెండున్నరేళ్ళ తరవాత గంగవ్వే తలుపు తీసుకొని వీధిలోకి వచ్చింది, పెద్దవాడి చెయ్యి పట్టుకొని, చంకలో ఇంకో పిల్లతో. అత్త అరుస్తూనే ఉందట. సాయవ్వ ఇద్దరు పిల్లలను చెరో చంకన వేసుకొని ఎల్లారెడ్డి వచ్చిన రోజు నేను చూశాను. ఆమె పిల్లలను తీసుకొని నేరుగా బావి దగ్గరికి వెళ్ళింది, ఈదడం చూపించడానికి.

ఆ మరుసటి ఏడు గత్తర వచ్చింది. పొద్దున వాంతులు మొదలైతే పొద్దుగూకకముందే సాయవ్వ పోయింది. ముప్పై తొమ్మిదేళ్ళు. నలభై చూడలేదు. ఒక్క పండు వెంట్రుక రాలేదు. ఎంతమంది తొందరపడ్డారు ఆమెను ముసలిదాన్ని చేయడానికి! వియ్యాలవారు, వాడవాళ్ళు, మా అత్త, పళ్ళెం పట్టుకొని నేను. ఆమెకు ముసలితనమే రాలేదు. మా మాట విని ముప్పై నాలుగో ఏట ఆ బట్ట చుట్టుకొని ఉంటే, రాని ముసలితనానికి ఐదేళ్ళు ముందే మొక్కి మూలన కూర్చొని పోయి ఉండేది. ఆమె బతికిన బతుకంతా ఆ ఐదేళ్ళే. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళ నీళ్ళు రావు. ఒళ్ళు మండుతుంది.

మా ఆయనకు కామారెడ్డి బెల్లం మండీలో పని దొరికాక ఇక్కడికి వచ్చేశాం. మొన్న తొట్టెల నాడు పళ్ళెం పట్టుకొని నా ముందు నిలబడింది మా ఎదురింటి కోడలు. నా వైపు చూసి ముసిముసిగా నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. చీర తీసుకోకుండానే వియ్యంపురాలితో అన్నాను, "వదినె, నాకు ముప్పై ఒకటి. నేను గిది కట్ట. నువ్వు గూడ తీసి పారేయ్. నీకు నలభై లేవు."

ఆమె మొహం మాడిపోయింది. కట్టుకున్న మట్టిరంగు కొంగు బిగించుకొని, "అయిదో నెలల తల్లిని పిల్లను తోలుకపోతం. గప్పటిదాక కట్టకుంటే మల్ల నీ గడప తొక్కనియ్యం," అంది.

"దోమకొండ ఎంత దూరం వదినె? నేనే వస్త. వాకిట్ల నిలవడి పిలుస్త."

అప్పుడు లోపలి నుంచి రుక్కవ్వ మాట వినపడింది. పురుటి మంచం మీద కూర్చొని ఉంది, మొహం ఎర్రబడి ఉంది. "అవ్వా, కట్టుకోరాదే! నలుగుర్ల నా తల తీసేస్తున్నవు. నీకెందుకే గీ వయసుల గివన్ని?"

వియ్యంపురాలి మాట నన్ను ఏమీ చేయలేదు. నా బిడ్డ మాట మాత్రం నిలువునా కాల్చింది. కొట్టడానికి చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి అక్కడే ఆగింది, ఎందుకంటే ఆ ప్రశ్న నేను అడిగిందే, ఆ గొంతుతోనే. చీరను మూట కట్టి వియ్యంపురాలి చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి రుక్కవ్వ పక్కన, మంచం మీదనే కూర్చున్నాను.

"బిడ్డా, నా మీద కోపం తెచ్చుకో. ఏం పర్వలేదు," అన్నాను. "తొట్టెల్ల పన్నదే, దీన్ని సూడు. ఇది తల్లి అయిన నాడు నీకు ముప్పై ఉంటది. పళ్ళెం పట్టుకొని నీ కాడికి గూడ వస్తరు. గా దినం నాకు నలభై ఆరు. నేను తలుపు కాడ నిలవడ్త. నన్ను దాటి నీ దాక ఎట్లొస్తరో సూస్త."

రుక్కవ్వ మొహం గోడ వైపు తిప్పుకుంది. కాసేపయ్యాక కొంచెం పక్కకు జరిగి, నేను కాళ్ళు చాపుకోవడానికి మంచం మీద చోటిచ్చింది.